బౌద్ధ ధర్మబోధకుల శిక్షణ: ఉపాయకౌశల్యం, కరుణ

బౌద్ధంలో ధర్మం చెప్పేవారిని తయారుచేసే పద్ధతులకు రెండున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. సూత్రాలు కంఠస్థం చేయడం, ధ్యానంలో సొంత అనుభవం సంపాదించడం, వాదంలో రాటుదేలడం, పెద్దల దగ్గర ఏళ్ల తరబడి ఉండి వారి నడవడి చూసి నేర్చుకోవడం ఈ శిక్షణలో ముఖ్య భాగాలు. దేశాన్ని బట్టి, శాఖను బట్టి ఏ భాగానికి ఎంత ప్రాధాన్యం అన్నది మారుతూ వచ్చింది. మారనివి రెండు: ఉపాయకౌశల్యం, కరుణ. వినేవారి స్థితిని గమనించి తగిన మాటను, తగిన సమయాన్ని, తగిన పద్ధతిని ఎంచుకునే నేర్పు మొదటిది. వారి దుఃఖం తగ్గాలన్న తపన రెండోది. కరుణ లేని నేర్పు మనుషులను లొంగదీసుకునే సాధనమవుతుంది. నేర్పు లేని కరుణ ఎదుటివారికి అక్కరకు రాదు. అందుకే బౌద్ధాచార్యులు ఈ రెండింటినీ వేరువేరు సుగుణాలుగా కాక ఒకే శిక్షణగా చూశారు.

బుద్ధుని బోధన పద్ధతి

బోధకుల శిక్షణకు తొలి నమూనా బుద్ధుని ఆచరణే. పాళీ సుత్తాలలో ఆయన కొత్తగా వచ్చినవారికి నాలుగు ఆర్యసత్యాలను వెంటనే చెప్పడు. ముందు దానం, తర్వాత శీలం, ఆపైన స్వర్గం, కోరికల వల్ల వచ్చే చేటు, వాటిని వదలడంలోని మేలు వరుసగా చెబుతాడు. వినేవారి మనసు మెత్తబడి, అడ్డంకులు తొలగి, వినడానికి సిద్ధమైందని తెలిశాకే దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, అందుకు మార్గం వివరిస్తాడు. ఈ క్రమానికి అనుపుబ్బికథ అని పేరు. బోధకుడు తన పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించేది వినేవారి స్థితి అన్నది దీని సారం.

శిష్యుడికి ముందే తెలిసిన దాని నుంచి మొదలుపెట్టడం మరో పద్ధతి. రాజగృహంలో సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేదాకా చంక్రమణం (నడుస్తూ చేసే ధ్యానం) చేసి, అయినా ఫలితం లేదని ఇల్లు చేరే ఆలోచనలో పడ్డాడు. గృహస్థుగా ఉన్నప్పుడు అతను వీణ బాగా వాయించేవాడు. బుద్ధుడు ఆ సంగతే ఎత్తి, తీగలు మరీ బిగిస్తే ఏమవుతుందని, మరీ వదులైతే ఏమవుతుందని అడిగాడు. జవాబులు సోణుడే చెప్పాడు. సాధనలో పట్టు ఎంత ఉండాలో వాటి నుంచే తేలిపోయింది.

చూళపంథకుడి కథ బోధకుల శిక్షణలో ప్రత్యేకంగా చెప్పుకోదగింది. అతని అన్న మహాపంథకుడు అప్పటికే పేరున్న భిక్షువు. తమ్ముడికి ఒక గాథ నేర్పబోతే నాలుగు నెలలైనా అది నోటికి రాలేదు. నీకు ఈ శాసనంలో చోటు లేదు, పొమ్మన్నాడు అన్న. ఏడుస్తూ నిలబడిన చూళపంథకుడిని బుద్ధుడు దగ్గరకు తీసుకుని, ఒక శుభ్రమైన గుడ్డముక్క చేతికిచ్చి, తూర్పుముఖంగా కూర్చుని దాన్ని చేత్తో రుద్దుతూ మలినం తుడిచే మాట ఒక్కటి అనుకుంటూ ఉండమన్నాడు. రుద్దేకొద్దీ గుడ్డ మాసింది. తెల్లనిది మాసిపోవడం కళ్లారా చూసిన చూళపంథకుడికి అనిత్యత అర్థమైంది. గాథ పట్టుబడని మనిషికి చేతిపని ద్వారా అదే సత్యం అందింది. తప్పు శిష్యుడి మందబుద్ధిది కాదని, ఒకే పద్ధతిని పట్టుకు వేలాడిన గురువుదని ఈ కథ చెబుతుంది.

చెప్పకుండా ఉండడం కూడా బోధనలో భాగమే. ఆత్మ ఉందా లేదా అని వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు బుద్ధుడు మౌనంగా ఉండిపోయాడు. ఏ జవాబు చెప్పినా అతను మరింత గందరగోళంలో పడేవాడని తర్వాత ఆనందుడికి వివరించాడు. ప్రశ్నలు నాలుగు రకాలని అంగుత్తర నికాయం చెబుతుంది: సూటిగా జవాబివ్వవలసినవి, విడమరచి చెప్పవలసినవి, ఎదురు ప్రశ్న వేసి తేల్చవలసినవి, పక్కన పెట్టవలసినవి. ఏ ప్రశ్న ఏ రకమో పోల్చుకోగలగడం బోధకులకు అవసరమైన నేర్పు.

బోధకుడికి ఉండవలసిన లక్షణాలు

కోశాంబిలోని ఘోషితారామంలో ఉదాయి అనే భిక్షువు పెద్ద గృహస్థ సభకు ధర్మం చెబుతుండడం చూసి ఆనందుడు ఆ సంగతి బుద్ధునికి చెప్పాడు. ఇతరులకు ధర్మం చెప్పడం తేలిక కాదంటూ బుద్ధుడు అయిదు నియమాలు పెట్టాడు. క్రమంగా చెప్పాలి. కారణాలు చూపిస్తూ చెప్పాలి. దయతో చెప్పాలి. లాభాపేక్ష లేకుండా చెప్పాలి. తననూ ఇతరులనూ నొప్పించకుండా చెప్పాలి. మొదటి రెండూ నేర్పుకు సంబంధించినవి, మిగిలిన మూడూ ఉద్దేశానికి సంబంధించినవి. బౌద్ధ బోధనాశాస్త్రమంతా ఈ అయిదు నియమాలకు వ్యాఖ్యానమంటే తప్పులేదు.

నొప్పించకుండా చెప్పడమంటే ఎప్పుడూ తీయగా మాట్లాడడం కాదు. మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడు బుద్ధుణ్ణి ఇరుకున పెట్టాలని వచ్చి, తథాగతుడు ఇతరులకు అప్రియమైన మాట అంటాడా అని అడుగుతాడు. అప్పుడు అభయుడి ఒడిలో పసిబిడ్డ ఉంది. ఈ బిడ్డ గొంతులో పుల్లో గులకరాయో అడ్డుపడితే ఏం చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. తల పట్టుకుని, వేలు పెట్టి, నెత్తురు వచ్చినా సరే తీసేస్తానంటాడు అభయుడు. బిడ్డ మీద జాలి ఉంది కాబట్టే అలా చేస్తాననీ అంటాడు. మాట నిజమై, మేలు చేసేదై ఉంటే, అది వినడానికి ఇంపుగా ఉన్నా లేకున్నా, తగిన సమయం చూసి తాను అంటానని బుద్ధుని సమాధానం. నిజం, మేలు, సమయం అన్న ఈ మూడు పరీక్షలూ బోధకుల మాటకు కొలమానాలుగా నిలిచాయి.

బోధకుణ్ణి పంపే ముందు పరీక్షించడానికి ఉదాహరణ పుణ్ణుడనే భిక్షువుతో బుద్ధుని సంభాషణ. సునాపరాంతం వెళ్తానన్న అతన్ని, అక్కడివారు కఠినులు, తిడితే ఏం చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. చేయి చేసుకోలేదు కదా, మంచివారే అనుకుంటానంటాడు పుణ్ణుడు. చేత్తో కొడితే? మట్టిబెడ్డలతో కొడితే? కర్రలతో, కత్తులతో కొడితే? ప్రాణమే తీస్తే? ప్రతి మెట్టులోనూ పుణ్ణుడి సహనం చెక్కుచెదరదు. అప్పుడు గాని అనుమతి దొరకదు. అతనికి పాండిత్యం ఎంత ఉందని బుద్ధుడు అడగలేదు. కష్టం ఎదురైనప్పుడు ఎదుటివారి మీద ద్వేషం పుడుతుందా అన్నదే పరీక్ష.

మిలిందపఞ్హం అనే పాళీ గ్రంథం శిష్యుడి పట్ల ఆచార్యుడికి ఉండవలసిన గుణాలు 25 అని లెక్కపెట్టింది. శిష్యుడి నిద్ర, ఆరోగ్యం, తిండి, స్నేహాలు గమనించడం, భిక్షాపాత్రలోది పంచుకోవడం, ధైర్యం చెప్పడం, ఏదీ దాచకుండా నేర్పడం వాటిలో ఉన్నాయి.

వినయ పిటకంలో శిక్షణ క్రమం

సంఘంలో గురుశిష్య సంబంధానికి చట్రం వినయ పిటకంలోని మహావగ్గం ఇస్తుంది. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి కొడుకులా, శిష్యుడు ఉపాధ్యాయుణ్ణి తండ్రిలా చూసుకోవాలి. ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) ఇచ్చే ఉపాధ్యాయుడికి కనీసం పది వర్షావాసాల అనుభవం ఉండాలి, సమర్థత కూడా ఉండాలి. కొత్త భిక్షువు కనీసం అయిదేళ్లు గురువు ఆశ్రయంలో గడపాలి. పాఠం చెప్పడం, సందేహాలు తీర్చడం, మందలించడం, దారి చూపడం గురువు విధులు. శిష్యుడు జబ్బుపడితే పళ్లపుల్ల, ముఖం కడుక్కోవడానికి నీళ్లు, ఆసనం, గంజి గురువే అందించాలి. కోలుకునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. కరుణను ఉపన్యాసంలో వినిపించడం కాక, గంజి గిన్నెతో సహా దినచర్యలో పెట్టడం ఈ శిక్షణలోని గొప్పతనం.

ధర్మం ఎలాంటివారికి చెప్పకూడదన్న దాని మీద ప్రాతిమోక్షంలో 16 సేఖియ నియమాలున్నాయి. గొడుగు పట్టుకున్నవారికి, ఆయుధం చేతబట్టినవారికి, పడుకుని వినేవారికి, పై ఆసనం మీద కూర్చున్నవారికి చెప్పకూడదు. అయితే ప్రతి నియమంలోనూ రోగులకు మినహాయింపు ఉంది. మర్యాద కోసం పెట్టిన నియమం బాధలో ఉన్నవారికి అడ్డు కాకూడదన్న జాగ్రత్త అది.

బోధకులలో అందెవేసిన చేతులను బుద్ధుడు పేరుపేరునా మెచ్చుకున్నాడు. ధర్మకథకులైన భిక్షువులలో పుణ్ణ మంతానిపుత్తుడు, భిక్షుణులలో ధమ్మదిన్న, గృహస్థులలో చిత్తుడు అగ్రగణ్యులు. ధమ్మదిన్న తన పూర్వాశ్రమ భర్త విశాఖుడి ప్రశ్నలకిచ్చిన జవాబులు మజ్ఝిమ నికాయంలో ఒక సుత్తంగా నిలిచాయి. తానైనా అలాగే చెప్పి ఉండేవాడినని బుద్ధుడు ఆ జవాబులను ఆమోదించాడు. బోధకులు పురుషులే, సన్యాసులే కావాలన్న నియమం మొదటినుంచీ లేదనడానికి ఇది సాక్ష్యం.

మహాయానంలో ఉపాయకౌశల్యం

మహాయాన సూత్రాలు ఉపాయాన్ని బోధిసత్త్వ మార్గానికి నడిబొడ్డున నిలిపాయి. సద్ధర్మపుండరీక సూత్రంలో మండుతున్న ఇంట్లో ఆడుకుంటున్న పిల్లల కథ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మంటలని చెప్పినా వినని పిల్లలకు తండ్రి వాళ్లు ఇష్టపడే బళ్లు బయట ఉన్నాయని ఆశచూపి రప్పిస్తాడు. బయటికొచ్చాక అనుకున్నదానికన్నా మేలైన బండి అందరికీ ఇస్తాడు. తండ్రి అబద్ధమాడాడా అన్న ప్రశ్నను సూత్రమే ఎత్తి చర్చిస్తుంది. పిల్లల ప్రాణం దక్కింది కనుక అబద్ధం కాదని తేలుస్తుంది. ఉపాయానికి హద్దు ఎక్కడ అన్న చర్చ ఇక్కడ మొదలై నేటికీ సాగుతోంది. అదే సూత్రం ధర్మబోధకుడికి మూడు షరతులు పెట్టింది: మహాకరుణ అనే గదిలో ప్రవేశించి, క్షాంతి అనే వస్త్రం ధరించి, శూన్యత అనే ఆసనం మీద కూర్చుని ధర్మం చెప్పాలి.

జనాన్ని ధర్మం వైపు తెచ్చే నాలుగు సంగ్రహ వస్తువులను బోధిసత్త్వభూమి అనే గ్రంథం వివరిస్తుంది: దానం, ప్రియవచనం, అర్థచర్య, సమానార్థత. ముందు అవసరం తీర్చాలి, మంచిగా మాట్లాడాలి, మేలు జరిగే పనిలో పెట్టాలి, చెప్పినదాన్ని తానూ ఆచరించాలి. జపాన్‌లో దోగెన్ ఆచార్యుడు 1243లో ఇదే అంశం మీద ఒక వ్యాసం రాశాడు.

ఆంధ్రదేశపు ఆచార్యులు

బోధకుల చరిత్రలో కృష్ణా తీరానికి గట్టి చోటుంది. నాగార్జునకొండలో క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, తామ్రపర్ణికి (శ్రీలంకకు) చెందిన థేర ఆచార్యులకు అర్పించింది. కశ్మీరం, గాంధారం, చైనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ దేశాలవంటి చోట్ల ప్రజలను ధర్మంలో ప్రసన్నులను చేసినవారని ఆమె శాసనం ఆ ఆచార్యులను కొనియాడింది. అన్ని దేశాలు తిరిగే బోధకులకు బస, చదువు, ఆదరణ ఇచ్చిన కేంద్రం నాగార్జునకొండలోని విజయపురి అని దీనివల్ల తెలుస్తుంది. ఆ ఆదరణ ఒక గృహిణి చేతిమీదుగా జరగడం గమనించదగ్గది.

నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే రత్నావళి, సుహృల్లేఖ బోధనా నైపుణ్యానికి చక్కని నమూనాలు. రాజ్యం ఏలేవాడికి అర్థమయ్యే దానం, న్యాయం, ఖైదీల పట్ల దయ వంటి విషయాలతోనే శూన్యతను కలిపి చెప్పాడు. బుద్ధుడు శిష్యుల శక్తిని బట్టి బోధించిన తీరును, అక్షరమాలతో మొదలుపెట్టే వ్యాకరణ గురువు పద్ధతితో రత్నావళి పోల్చింది.

7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ వేంగి సమీపంలోని ఒక కొండమీద బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్య (తర్కశాస్త్ర) గ్రంథం రాశాడని నమోదు చేశాడు. అర్హత్వం పొంది తన మోక్షం తాను చూసుకోవాలనుకున్న దిఙ్నాగుణ్ణి మంజుశ్రీ మందలించి, లోకహితం కోసం శాస్త్రం బోధించమన్నాడని అక్కడి ఐతిహ్యం. బుద్ధుడు ప్రమాణం ఎలా అయ్యాడన్న ప్రశ్నకు దిఙ్నాగుడి తర్వాతివాడైన ధర్మకీర్తి కరుణాభ్యాసమే సాధనమని జవాబిచ్చాడు. తర్కశాస్త్ర గ్రంథంలోనే బోధకుడి విశ్వసనీయతకు కరుణను ఆధారం చేసిన సందర్భమిది.

వివిధ సంప్రదాయాలలో శిక్షణ

శ్రీలంకలో ఆధునిక బోధకుల చదువుకు 1873లో కొలంబోలో హిక్కడువే సుమంగళ స్థవిరుడు స్థాపించిన విద్యోదయ పరివేణం, 1875 నాటి విద్యాలంకార పరివేణం పునాదులు. ఆదివారాలు పిల్లలకు ధర్మం చెప్పే గృహస్థ ఉపాధ్యాయులకు ధర్మాచార్య పరీక్ష ఉంది. మయన్మార్‌లో ధమ్మాచరియ పరీక్షలు బోధకుడి అర్హతను నిర్ణయిస్తాయి. త్రిపిటకమంతా కంఠస్థం చేసి ఒప్పజెప్పే తిపిటకధర పరీక్షను 1953లో మొదట గెలిచినవాడు మింగున్ సయాడా. థాయిలాండ్‌లో 1887 నాటి మహాచుళాలంకరణ, 1893 నాటి మహామకుట విశ్వవిద్యాలయాలు భిక్షువులకు పాళీతో పాటు విద్యాశాస్త్రం, సామాజిక శాస్త్రాలు నేర్పుతాయి. చదువు పూర్తయ్యాక ఒక ఏడాది క్షేత్రసేవ చేస్తేనే మహాచుళాలో భిక్షువులకు పట్టా వస్తుంది.

టిబెట్ గెలుగ్ సంప్రదాయంలో గెషె పట్టానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. కర్ణాటకలోని బైలకుప్ప, ముండగోడు మఠాలలో సాయంత్రం వాద ప్రాంగణాలు చూస్తే ఈ శిక్షణ స్వభావం తెలుస్తుంది. జవాబు చెప్పేవాడు కూర్చుంటాడు, ప్రశ్నించేవాడు నిలబడి, కాలు నేలకు తాటించి, కుడి అరచేత్తో ఎడమ అరచేతిని చరుస్తాడు. ఆ తర్వాత కుడిచేతిని పైకి లాగడం జీవులను దుఃఖం నుంచి పైకి తీసుకురావడానికి గుర్తని వివరిస్తారు. గెలుపు కోసం సాగే వాదంలోనూ కరుణను మరవకుండా ఉండే ఏర్పాటు ఇది. 2016లో ముండగోడులో 20 మంది భిక్షుణులు తొలిసారిగా గెషెమా పట్టాలు అందుకున్నారు. స్త్రీలకు అత్యున్నత బోధకార్హత తెరిచిన ఘట్టమిది.

జెన్‌లో గురువు ఒక్కొక్క శిష్యుడితో ఏకాంతంగా మాట్లాడి, అతని జవాబుతో పాటు కూర్చునే తీరును, తడబాటును చూసి అవగాహనను అంచనా వేస్తాడు. బోధించే అధికారం పరీక్షతో కాక, గురువు గుర్తింపుతో వస్తుంది.

ఆధునిక భారతదేశంలో

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్‌తో పాటు లక్షలాది మంది బౌద్ధం స్వీకరించారు. ఇంతమందికి ధర్మం చెప్పేవారెవరన్న ప్రశ్న ఆ రోజు నుంచే మొదలైంది. సేవ చేసే, సమాజంలో కలిసి నడిచే సంఘం కావాలని అంబేడ్కర్ 1950లోనే మహాబోధి పత్రికలో రాశారు. ఆయన స్థాపించిన భారతీయ బౌద్ధ మహాసభ గృహస్థులనే బౌద్ధాచార్యులుగా తయారుచేస్తోంది. నాగపూర్‌లోని నాగలోకలో నడిచే నాగార్జున శిక్షణ సంస్థ వివిధ రాష్ట్రాల యువతకు ధర్మం, ధ్యానం, సామాజిక సేవ కలిపి నేర్పుతోంది. కుల అవమానం చవిచూసిన శ్రోతకు కర్మ గురించి ఎలా చెప్పాలన్నది ఇక్కడి బోధకులకు అసలైన ఉపాయ పరీక్ష. బాధను పూర్వజన్మ ఫలమని చెప్పి చేతులు దులుపుకోవడం కరుణకు విరుద్ధమని అంబేడ్కర్ రచన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ స్పష్టంగా చెబుతుంది.

1969లో భారతదేశంలో విపశ్యన శిబిరాలు మొదలుపెట్టిన సత్యనారాయణ గోయెంకా మరో దారి తొక్కారు. 1980ల తొలి ఏళ్ల నుంచి ఆయన నియమించిన సహాయక ఆచార్యులు శిబిరాల్లో ఆయన రికార్డు చేసిన ప్రవచనాలను వినిపించి, సాధకుల సందేహాలు తీరుస్తారు. ఎవరూ జీతం తీసుకోరు, శిబిరానికి రుసుము ఉండదు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త కేంద్రం ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

పాశ్చాత్య దేశాల్లో కొత్త ప్రయోగాలు

వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హన్ 1966లో ఇంటర్‌బీయింగ్ సంఘాన్ని, 1982లో ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్‌ను స్థాపించారు. అక్కడ ధర్మాచార్యులుగా ఎంపికయ్యేవారు ఏళ్ల తరబడి సంఘంలో కలిసి బతికినవారు. కోపం వచ్చినప్పుడు ఎలా మాట్లాడతారు, ఎదుటివారి మాట చివరిదాకా వింటారా అన్నవి వారి శిక్షణలో భాగం. అమెరికాలో 1975లో స్థాపించిన ఇన్‌సైట్ మెడిటేషన్ సొసైటీ, కాలిఫోర్నియాలోని స్పిరిట్ రాక్ కేంద్రం కొన్నేళ్లపాటు సాగే ఉపాధ్యాయ శిక్షణలు నడిపాయి. జోన్ హాలిఫాక్స్ స్థాపించిన ఉపాయ జెన్ కేంద్రం ఆసుపత్రులు, జైళ్లలో సేవ చేసేవారికి రెండేళ్ల శిక్షణ ఇస్తోంది.

ధ్యానంలో కొందరికి భయం, నిద్రలేమి, పాత గాయాల జ్ఞాపకాలు ఎదురవుతాయని ఇటీవలి పరిశోధనలు నమోదు చేశాయి. అందుకే కొత్త శిక్షణల్లో అలాంటి లక్షణాలు గుర్తించడం, ధ్యానం ఆపించడం, డాక్టరు దగ్గరకు పంపడం నేర్పుతున్నారు. ఎవరికి ఏ ధ్యానం తగునో వారి స్వభావాన్ని బట్టి ఎంచమని 5వ శతాబ్దంలోనే విసుద్ధిమగ్గం అనే పాళీ గ్రంథం ఆరు రకాల స్వభావాలు, 40 కర్మస్థానాలు (ధ్యాన విషయాలు) వివరించింది. కొత్త జాగ్రత్తకు వేర్లు పాతవే.

కరుణను అలవరచే సాధన

కరుణ పుట్టుకతో వచ్చే గుణంగా కాక, అభ్యాసంతో పెరిగేదిగా బౌద్ధం భావిస్తుంది. బోధకులు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాలను సాధన చేస్తారు. కరుణకు క్రూరత్వం దూరపు శత్రువని, దుఃఖంలో కుంగిపోవడం దగ్గరి శత్రువని విసుద్ధిమగ్గం హెచ్చరించింది. ఎదుటివారి బాధలో మునిగిపోయిన బోధకుడు వారికి సాయం చేయలేడు. నాడీశాస్త్రవేత్త టానియా సింగర్ బృందం పరిశోధనల్లో, బాధను పంచుకునే సాధన ఒక్కటే చేసినవారిలో వేదన పెరగగా, కరుణ సాధన తోడైనప్పుడు సానుకూల భావాలు పెరిగినట్లు కనిపించింది. జబ్బుపడినవారి, చావు దగ్గరైనవారి పక్కన గంటలకొద్దీ కూర్చునే బోధకులకు ఈ తేడా తెలియడం అత్యవసరం.

నీతి నియమాలు

గురువు మీద భక్తి పెరిగిన చోట దుర్వినియోగానికి దారి ఉంటుంది. లైంగిక దోపిడీ, డబ్బు, అధికారం విషయాల్లో కొందరు బోధకుల నడవడి మీద ఆరోపణలు రావడంతో 1993లో ధర్మశాలలో పాశ్చాత్య బౌద్ధ బోధకులు దలైలామాతో సమావేశమయ్యారు. తప్పు చేసే గురువులను ప్రశ్నించమని, అవసరమైతే బహిరంగంగా చెప్పమని వారి బహిరంగ లేఖ శిష్యులను ప్రోత్సహించింది. ఇది బౌద్ధానికి కొత్త కాదు. తథాగతుణ్ణి సైతం ఆయన మాటను, చేతను చూసి పరీక్షించమని వీమంసక సుత్తం చెబుతుంది. దోపిడీని ఉపాయమని సమర్థించుకోవడం ఆ మాటకే ద్రోహం. ఉపాయం వల్ల ఎవరికి మేలు కలిగిందన్న ప్రశ్నకు జవాబు శిష్యుడు చెప్పాలి తప్ప గురువు కాదు.

నేటి అవసరాలు

బుద్ధవచనాన్ని వేదాల తరహా ఛందోభాషలోకి మార్చుదామని ఇద్దరు భిక్షువులు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదని చుల్లవగ్గం చెబుతుంది. ఎవరి భాషలో వారు నేర్చుకోవచ్చునన్నది ఆ సందర్భానికి విస్తృతంగా ఇచ్చే అర్థం. తెలుగునాట బౌద్ధ క్షేత్రాలకు లోటు లేదు. వాటిని చూడవచ్చేవారికి, అంబేడ్కర్ ఉద్యమం ద్వారా వచ్చినవారికి, ధ్యానం కోసం వచ్చినవారికి తెలుగులో ధర్మం చెప్పగల శిక్షితులైన బోధకులు కావాలి. అలాంటి శిక్షణలో పాళీ పాఠాలతో పాటు రోగిని చూసుకోవడం, వినడం, మానసిక వైద్యుడి అవసరాన్ని గుర్తించడం, స్త్రీలకు సమాన స్థానం, ఫిర్యాదు చేయడానికి దారి ఉండాలి. వీటిలో ఏది తగ్గినా మిగిలేది ఉపన్యాసకులే. మనుషుల దుఃఖం తగ్గించే బోధకులు తయారుకావాలంటే ఇవన్నీ కలిసి ఉండాలి.